పాఠం 17. చిన్న కుటుంబం ఎలా వచ్చింది? : జననాలు, మరణాలు, పేదరికం

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• జననాల రేటు, శిశు మరణాల రేటు, సంతాన సాఫల్యత రేటు అంటే ఏమిటో చెప్పగలుగుతారు. మొదటి రెండింటిని లెక్కకట్టగలుగుతారు.
• పేదరికానికీ కుటుంబ పరిమాణానికీ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
• తెలుగు ప్రాంతంలో జననాలు తగ్గిన తీరును, అందుకు స్త్రీలు చెల్లించిన మూల్యాన్ని చర్చించగలుగుతారు.

17.1 పరిచయం

మీ ఇంట్లోనో పొరుగింట్లోనో ఉన్న ఎనభై ఏళ్ళ పెద్దావిడను, ఆమె తల్లికి ఎన్ని కాన్పులు అయ్యాయో అడిగి చూడండి. ఎనిమిది అనో, పది అనో చెప్పవచ్చు. వాళ్ళలో బతికి బట్టకట్టినవాళ్ళు ఎందరని అడిగితే ఆ సంఖ్య తగ్గుతుంది. ఆ పెద్దావిడకు పుట్టినవాళ్ళు అయిదుగురో ఆరుగురో ఉంటారు. ఆమె కూతురికి ముగ్గురు, మనవరాలికి ఇద్దరు ఉండవచ్చు. నాలుగు తరాల్లో కుటుంబం ఇంతగా మారిపోయింది.

చదువు, ఆదాయం బాగా పెరిగిన తరవాతే పిల్లల సంఖ్య తగ్గుతుందని పండితులు చాలాకాలం నమ్మారు. ఆంధ్రప్రదేశ్ విషయంలో అలా జరగలేదు. సగానికి పైగా స్త్రీలకు అక్షరాలు రాని కాలంలోనే, కూలి చేసుకునే ఇళ్ళలో కూడా, ఇద్దరు పిల్లలు చాలనుకోవడం మొదలైంది. ఇది ఎలా సాధ్యమైంది? దాని భారం ఎవరి మీద పడింది? ఈ పాఠంలో ఈ రెండు ప్రశ్నలనూ పరిశీలిద్దాం.

(గమనిక: 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. అంతకు ముందరి లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ అంటే తెలంగాణతో కలిసిన రాష్ట్రం.)

17.2 ఎలా కొలుస్తారు?

"మా ఊళ్ళో పిల్లలు తక్కువ పుడుతున్నారు" అని మనం అంటాం. కాని ఒక ఊరిని మరొక ఊరితో, ఒక కాలాన్ని మరొక కాలంతో పోల్చాలంటే మాట చాలదు, కొలత కావాలి. ముఖ్యమైన కొలతలు మూడు.

(అ) జననాల రేటు: ఒక సంవత్సరంలో ప్రతి వెయ్యిమంది జనాభాకు ఎన్ని జననాలు జరిగాయో తెలిపేది. ఉదాహరణకు, ఒక ఊరి జనాభా 3,000 అనుకుందాం. ఏడాదిలో 54 మంది పుట్టారు. 54ను 3,000తో భాగించి 1,000తో గుణిస్తే 18 వస్తుంది. ఆ ఊరి జననాల రేటు 18. మరణాల రేటునూ ఇలాగే లెక్కిస్తారు.

(ఆ) శిశు మరణాల రేటు: సజీవంగా పుట్టిన ప్రతి వెయ్యిమందిలో ఏడాది నిండకుండానే చనిపోయినవారి సంఖ్య. ఒక ప్రాంతంలో ఏడాదిలో 400 మంది పుట్టి, 12 మంది శిశువులు చనిపోతే ఆ రేటు 30. దీన్ని జనాభాతో కాక జననాలతో భాగిస్తామని గుర్తుంచుకోండి. భారతదేశంలో ఈ రేటు 1971లో 129. అంటే పుట్టిన ప్రతి ఎనిమిది మందిలో ఒకరు మొదటి పుట్టినరోజు చూడలేదు. 2020 నాటికి అది 28కి తగ్గింది.

(ఇ) సంతాన సాఫల్యత రేటు: ఇప్పుడున్న తీరులోనే కాన్పులు జరిగితే, ఒక స్త్రీకి 15 నుంచి 49 ఏళ్ళ వయస్సు ముగిసేలోగా సగటున ఎందరు పిల్లలు పుడతారో తెలిపేది. ఇది 2.1 ఉంటే తల్లిదండ్రుల తరం స్థానంలో అంతే పరిమాణం గల పిల్లల తరం వస్తుంది. దీన్ని "భర్తీ స్థాయి" అంటారు. ఇద్దరి స్థానంలో ఇద్దరు చాలు కదా, ఆ 0.1 ఎందుకని మీరు అడగవచ్చు. పుట్టినవారంతా పెద్దయ్యేదాకా బతకరు; పైగా ఆడపిల్లల కన్నా మగపిల్లలు కొద్దిగా ఎక్కువమంది పుడతారు. ఆ లోటును పూడ్చడానికే ఆ కాస్త అదనం.

ఈ వివరాలు మనకు మూడు మార్గాల్లో అందుతాయి. మొదటిది పదేళ్ళకొకసారి జరిగే జనాభా లెక్కలు. 2021లో జరగవలసిన లెక్కలు వాయిదా పడ్డాయి కనుక 2011 లెక్కలనే ఇక్కడ వాడుతున్నాం. రెండవది నమూనా నమోదు పద్ధతి. ఎంపిక చేసిన ఊళ్ళలో, వార్డుల్లో జనన మరణాలను ఎప్పటికప్పుడు రాసుకుంటారు. మూడవది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ దీన్ని 1992-93లో మొదటిసారి నిర్వహించింది. ఎంపిక చేసిన ఇళ్ళకు వెళ్ళి, పెళ్ళి, కాన్పులు, పిల్లల ఆరోగ్యం గురించి స్త్రీలనే అడుగుతారు.

పాఠ్యగత ప్రశ్నలు 17.1
1. ఒక ఊరి జనాభా 4,000. ఏడాదిలో 64 మంది పుట్టారు. జననాల రేటు ఎంత?
2. ఏడాదిలో 200 మంది పుట్టి, వారిలో 7గురు ఏడాది నిండకుండా చనిపోతే శిశు మరణాల రేటు ఎంత?

17.3 జనాభా పరిణామ సిద్ధాంతం

అమెరికా పండితులు వారెన్ థాంప్సన్ (1929), ఫ్రాంక్ నోట్‌స్టీన్ (1945) ఐరోపా దేశాల అనుభవం చూసి ఈ సిద్ధాంతానికి రూపం ఇచ్చారు. దాని ప్రకారం ప్రతి సమాజం మూడు దశల గుండా నడుస్తుంది.

మొదటి దశలో జననాలూ ఎక్కువే, మరణాలూ ఎక్కువే. జనాభా పెద్దగా పెరగదు. రెండవ దశలో తిండి, తాగునీరు, వైద్యం మెరుగుపడి మరణాలు ముందుగా తగ్గుతాయి. జననాలు మాత్రం పాత తీరులోనే సాగుతాయి. ఈ రెంటి మధ్య ఉన్న తేడా వల్లనే జనాభా వేగంగా పెరుగుతుంది. మూడవ దశలో జననాలు కూడా తగ్గి, మళ్ళీ నిలకడ వస్తుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. మనదేశంలో జనాభా పెరిగింది జనం మునుపటికన్నా ఎక్కువమందిని కన్నందువల్ల కాదు; పుట్టినవాళ్ళు మునుపటికన్నా ఎక్కువమంది బతికినందువల్ల. 

మరి మూడవ దశ ఎప్పుడు వస్తుంది? పరిశ్రమలు, పట్టణాలు, చదువు, ఆదాయం పెరిగినప్పుడు అని ఆ సిద్ధాంతం చెప్పింది. కేరళను చూస్తే చదువు విషయంలో ఇది నిజమే అనిపిస్తుంది. 1991లో కేరళలో నూటికి 86 మంది స్త్రీలు అక్షరాస్యులు. అక్కడ సంతాన సాఫల్యత అప్పటికే భర్తీ స్థాయికి దిగివచ్చింది. మరి ఆంధ్రప్రదేశ్ సంగతి ఏమిటి?

17.4 ఆంధ్రప్రదేశ్ అనుభవం

1991లో ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత నూటికి 33 మాత్రమే. దేశ సగటు 39 కన్నా ఇది తక్కువ. బాల్యవివాహాలు ఎక్కువ. సిద్ధాంతం ప్రకారం ఇక్కడ జననాలు ఎక్కువగా ఉండాలి. కింది పట్టిక చూడండి.

పట్టిక 17.1 : సంతాన సాఫల్యత రేటు (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు)

1992-93 : ఆంధ్రప్రదేశ్ 2.6, భారతదేశం 3.4
1998-99 : ఆంధ్రప్రదేశ్ 2.3, భారతదేశం 2.9
2005-06 : ఆంధ్రప్రదేశ్ 1.8; భారతదేశం 2.7
2015-16 : ఆంధ్రప్రదేశ్ 1.8, తెలంగాణ 1.8; భారతదేశం 2.2
2019-21 : ఆంధ్రప్రదేశ్ 1.7, తెలంగాణ 1.8; భారతదేశం 2.0

దేశం మొత్తం మీద భర్తీ స్థాయికి దిగడానికి 2019-21 దాకా పట్టింది. ఆంధ్రప్రదేశ్ 2005-06 నాటికే దాన్ని దాటి కిందికి వచ్చింది. జనాభా లెక్కలు కూడా ఇదే చెబుతున్నాయి. 1981-91 దశాబ్దంలో రాష్ట్ర జనాభా నూటికి 24 చొప్పున పెరిగింది. 1991-2001లో ఆ పెరుగుదల 15 కన్నా తక్కువ. అదే దశాబ్దంలో దేశ జనాభా నూటికి 21కి పైగా పెరిగింది.

ఈ మార్పు పరిశోధకులను ఆలోచనలో పడేసింది. కె.ఎస్. జేమ్స్ 1999లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ పత్రికలో, ఈ తగ్గుదలకు పాత సిద్ధాంతం కాక వేరే వివరణలు వెతకాలంటూ ఒక వ్యాసమే రాశారు. ఆ వివరణలను అర్థం చేసుకోవాలంటే ముందు పేద కుటుంబం పిల్లల గురించి ఎలా ఆలోచిస్తుందో తెలుసుకోవాలి.

17.5 పేదరికం వల్ల పిల్లలా, పిల్లల వల్ల పేదరికమా?

"పిల్లలు ఎక్కువగా ఉండటం వల్లనే వాళ్ళు పేదవాళ్ళు" అనే మాట మీరు వినే ఉంటారు. తినే నోళ్ళు పెరిగితే తలా ఒక్కింటికి వచ్చేది తగ్గుతుంది కనుక ఇందులో కొంత నిజం ఉంది. కాని ఈ మాట సగమే చెబుతుంది.

1950లలో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం వారు పంజాబ్‌లోని ఖన్నా ప్రాంతంలో కుటుంబ నియంత్రణ మీద పెద్ద అధ్యయనం చేశారు. అక్కడి రైతులకు గర్భనిరోధక సాధనాలు ఇచ్చినా ఆశించిన ఫలితం రాలేదు. తరవాత మహమూద్ మందానీ అనే పరిశోధకుడు అదే ప్రాంతంలోని మనూపుర్ గ్రామానికి వెళ్ళి కారణం అడిగాడు. 1972లో ఆయన ప్రచురించిన పుస్తకం సారాంశం ఇది: ఆ రైతులు అజ్ఞానం వల్ల పిల్లలను కనడం లేదు. వాళ్ళకు కొడుకులే పనివాళ్ళు, ముసలితనంలో ఆసరా. పిల్లలు ఎక్కువగా ఉండటం వాళ్ళకు భారం కాదు, బలం.

పింఛను లేని, భూమి లేని మనిషికి కొడుకే పింఛను. పుట్టిన నలుగురిలో ఒకరిద్దరు చనిపోతారనే భయం ఉంటే ఇద్దరితో ఎవరూ ఆగరు. కాబట్టి పేద కుటుంబం లెక్క తెలియక పిల్లలను కనదు. దాని లెక్క దానికి ఉంటుంది. ఆ లెక్క మారినప్పుడే పిల్లల సంఖ్య మారుతుంది.

జాన్ కాల్డ్‌వెల్ అనే ఆస్ట్రేలియా పరిశోధకుడు 1976లో దీన్ని మరొక విధంగా చెప్పాడు. పాత కుటుంబంలో సంపద పిల్లల నుంచి పెద్దలకు ప్రవహిస్తుంది: పిల్లలు పశువులు కాస్తారు, కూలికి వెళతారు, పెద్దయ్యాక పోషిస్తారు. బడి చదువు వ్యాపించాక ఆ ప్రవాహం దిశ మారుతుంది: పెద్దల సంపాదన ఫీజులుగా, పుస్తకాలుగా, బట్టలుగా పిల్లలకు పోతుంది. దిశ మారిన చోట కుటుంబం చిన్నదవుతుంది.

తెలుగు ప్రాంతంలో ఈ లెక్క మారడానికి పరిశోధకులు చెప్పే కారణాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. పిల్లలు బతకడం. ఆంధ్రప్రదేశ్‌లో శిశు మరణాల రేటు 1992-93 సర్వేలో 70. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 30, తెలంగాణలో 26. టీకాలు, ఆసుపత్రి కాన్పులు ఇందుకు తోడ్పడ్డాయి. పుట్టిన ఇద్దరూ దక్కుతారన్న ధైర్యం వచ్చింది.

2. పిల్లల మీద ఖర్చు పెరగడం. తాను చదువుకోని తల్లి కూడా తన పిల్లలు చదవాలని కోరుకుంది. ఊరి పక్కన కాన్వెంటు బడి వచ్చాక ఇద్దరికి ఫీజు కట్టడమే కష్టమైంది. అంటే తల్లి చదువుకన్నా పిల్లల చదువు మీద ఆశ ముందుగా పనిచేసింది. ఆడపిల్ల పెళ్ళికి ఇచ్చే కట్నం కూడా ఈ ఖర్చులో భాగమే.

3. భూమి ముక్కలు కావడం. అయిదెకరాలను అయిదుగురు పంచుకుంటే ఎవరికీ సేద్యం గిట్టదు. పొలంలో అదనపు చేతుల అవసరం తగ్గింది.

4. కొంత ఆసరా దొరకడం. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం వంటి పథకాలు పేద కుటుంబానికి కొంత భరోసా ఇచ్చాయని, దానివల్ల భవిష్యత్తు గురించి ఆలోచించే వీలు కలిగిందని కొందరు పరిశోధకుల అభిప్రాయం.

5. మాట వ్యాపించడం. 1990 దశకంలో నెల్లూరు జిల్లా అక్షరాస్యత తరగతుల నుంచి 1992లో సారా వ్యతిరేక ఉద్యమం పుట్టింది. పొదుపు సంఘాలు ఊరూరా ఏర్పడ్డాయి. నలుగురు ఆడవాళ్ళు ఒకచోట కూర్చున్నప్పుడు అప్పుల మాటతో పాటు కాన్పుల మాట కూడా వస్తుంది.

6. ప్రభుత్వ కుటుంబ సంక్షేమ కార్యక్రమం. కుటుంబం చాలనుకున్న స్త్రీకి ఆపరేషన్ అందుబాటులో ఉండేలా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ఏ.ఎన్.ఎం.లు పనిచేశారు.

వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా ఈ మార్పు తేలేదు. అన్నీ కలిసి పేద ఇంటి లెక్కను మార్చాయి. పేదరికం పూర్తిగా పోయాక కాదు, పేదరికంలో ఉంటూనే బయటపడాలన్న ఆశతో ఈ కుటుంబాలు చిన్నవయ్యాయి.

పాఠ్యగత ప్రశ్నలు 17.2
1. మనూపుర్ రైతులు ఎక్కువమంది పిల్లలను ఎందుకు కోరుకున్నారు?
2. కాల్డ్‌వెల్ చెప్పిన "సంపద ప్రవాహం" ఏ కారణంగా దిశ మార్చుకుంటుంది?

17.6 మూల్యం ఎవరు చెల్లించారు?

ఇంతవరకు చదివి ఇది పూర్తిగా విజయగాథ అనుకోవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల సంఖ్య మారింది కాని, పెళ్ళి వయస్సు ఆ వేగంతో మారలేదు.

2005-06 సర్వే నాటికి, 20-24 ఏళ్ళ స్త్రీలలో నూటికి 55 మందికి 18 ఏళ్ళు నిండకముందే పెళ్ళయింది. అప్పుడు దేశ సగటు 47. 2019-21లో ఆంధ్రప్రదేశ్‌లో అది 29కి, తెలంగాణలో 24కి తగ్గింది. కాని అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 13 మంది అప్పటికే తల్లులు లేదా గర్భవతులు. దేశ సగటు 7.

అంటే ఈ ప్రాంతపు కుటుంబ ఏర్పాటు తీరు ఇలా సాగింది: పదహారు పదిహేడేళ్ళకు పెళ్ళి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, ఇరవై రెండు ఇరవై మూడేళ్ళకు ఆపరేషన్. బడి మధ్యలో ఆగిపోతుంది. కాన్పుకూ కాన్పుకూ మధ్య శరీరానికి విశ్రాంతి ఉండదు.

కుటుంబ నియంత్రణ పద్ధతులను కూడా చూడండి. 2019-21లో ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో నూటికి 70 మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశ సగటు 38. మాత్రలు, కాపర్-టి, నిరోధ్ వంటి తాత్కాలిక పద్ధతులు వాడేవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి ఇద్దరు కూడా లేరు. పెళ్ళికీ మొదటి కాన్పుకూ మధ్య, మొదటి కాన్పుకూ మలి కాన్పుకూ మధ్య ఎడం పాటించే సాధనం చాలామంది చేతికి అందలేదన్నమాట.

మరి పురుషుల సంగతి? వేసెక్టమీకి పొట్ట కోయవలసిన అవసరం లేదు. ట్యూబెక్టమీకన్నా సులువైనది, ప్రమాదం తక్కువ. అయినా మగవాడు ఆపరేషన్ చేయించుకున్న కుటుంబాలు ఆంధ్రప్రదేశ్‌లోనూ, దేశం మొత్తం మీదా నూటికి ఒకటి కూడా లేవు. దీనికి ఒక చారిత్రక కారణం ఉంది. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976-77 ఒక్క ఏడాదిలోనే దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అందులో ఎక్కువ భాగం వేసెక్టమీలు; చాలాచోట్ల బలవంతంగా చేసినవి. ఆ ఆగ్రహం తరవాత కార్యక్రమం మగవాళ్ళను వదిలి స్త్రీల వైపు తిరిగింది. వేసెక్టమీ చేయించుకుంటే బలం పోతుందనే అపోహ కూడా తోడైంది. ఆ అపోహకు ఎటువంటి ఆధారమూ లేదు.

కార్యకర్తలకు "ఇన్ని కేసులు తేవాలి" అని లక్ష్యాలు పెట్టే విధానాన్ని కేంద్ర ప్రభుత్వం 1996లో తొలగించింది. అయినా శిబిరాల్లో హడావిడిగా ఆపరేషన్లు చేయడం ఆగలేదు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో అటువంటి శిబిరాల తరవాత డజనుకు పైగా స్త్రీలు చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు ఈ శిబిరాలను మూడేళ్ళలో ఆపివేయాలని ఆదేశించింది.

ఇంకొక సంగతి. కుటుంబం చిన్నదైనంత మాత్రాన స్త్రీ ఆరోగ్యం దానంతట అది బాగుపడదు. 2019-21లో ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. కాన్పుల్లో మరణించే తల్లుల సంఖ్య మాత్రం బాగా తగ్గింది: 2018-20లో లక్ష సజీవ జననాలకు ఆంధ్రప్రదేశ్‌లో 45, తెలంగాణలో 43, దేశంలో 97. అంటే ఆసుపత్రి దాకా తీసుకెళ్ళగలిగాం. ఇంట్లో ఆమె పళ్ళెంలోకి సరైన తిండి చేర్చలేకపోయాం.

17.7 ఇప్పటి ప్రశ్నలు

సంతాన సాఫల్యత భర్తీ స్థాయికి దిగినా జనాభా వెంటనే ఆగిపోదు. గతంలో పుట్టినవాళ్ళు ఇప్పుడు పెళ్ళీడులో ఉంటారు. ఒక్కొక్కరు ఇద్దరినే కన్నా, కనేవాళ్ళ సంఖ్య ఎక్కువ కనుక కొంతకాలం పెరుగుదల సాగుతుంది. బ్రేకు వేసిన రైలు కొంత దూరం పోయి ఆగినట్లే ఇది కూడా.

తరవాత సమాజంలో పెద్దవయస్సువారి వాటా పెరుగుతుంది. 2011లో ఆంధ్రప్రదేశ్ జనాభాలో 60 ఏళ్ళు పైబడినవారు నూటికి దాదాపు 10 మంది. దేశ సగటు 9 కన్నా తక్కువ. మునుపు నలుగురు కొడుకులు పంచుకున్న బాధ్యత ఇప్పుడు ఒక్కరి మీద, తరచు దూరపు నగరంలో ఉన్న ఒక్కరి మీద పడుతోంది.

ఈ మార్పుతో విధానాలు కూడా తలకిందులయ్యాయి. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం, ఇద్దరికన్నా ఎక్కువమంది పిల్లలున్నవారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదని నిబంధన పెట్టింది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధనను తొలగించే బిల్లులు ఆమోదించింది. అంతకు ముందు నెలలోనే ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఎక్కువమంది పిల్లలను కనమని ప్రజలను కోరారు. ముప్పై ఏళ్ళలో "వద్దు" అన్నది "కావాలి" అయింది.

కాని చెప్పినంత మాత్రాన జననాలు పెరుగుతాయా? దక్షిణ కొరియా ప్రభుత్వం ఏళ్ళ తరబడి ఎన్నో ప్రోత్సాహకాలు ఇచ్చినా, 2023లో అక్కడి సంతాన సాఫల్యత రేటు 0.72కు పడిపోయింది. తగ్గించడంలోనైనా, పెంచడంలోనైనా కుటుంబం తన లెక్క ప్రకారమే నడుస్తుందని దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ లెక్క వేసేటప్పుడు ఇంట్లో స్త్రీ మాటకు విలువ ఉందా అన్నదే అసలు ప్రశ్న. ఎప్పుడు పెళ్ళి, ఎప్పుడు మొదటి బిడ్డ, ఎంత ఎడం, ఎవరికి ఆపరేషన్ అనే నాలుగు నిర్ణయాల్లో ఆమెకు చోటు లేకపోతే కుటుంబం చిన్నదైనా, పెద్దదైనా ఆమెకు తేడా ఉండదు.

మీరు చేయండి

మీకు తెలిసిన ఒక కుటుంబంలో మూడు తరాల స్త్రీల వివరాలు వారి అనుమతితో రాయండి: పెళ్ళి నాటి వయస్సు, కాన్పుల సంఖ్య, బతికిన పిల్లల సంఖ్య, చదువు. మూడు వరుసల పట్టిక తయారుచేసి, ఏది ముందు మారిందో చూడండి.

మీ ఇంట్లో బిడ్డ పుడితే 21 రోజుల్లోగా నమోదు చేయించండి. పల్లెలో పంచాయతీ కార్యాలయంలోనూ, ఢిల్లీలోని ద్వారక వంటి నగర ప్రాంతంలో మున్సిపల్ కార్పొరేషన్ కార్యాలయంలోనూ అడగవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడం వంటి పనులకు పుట్టిన తేదీని రుజువు చేసేది జనన ధ్రువపత్రమే. మీరు చేయించే ఒక్కొక్క నమోదు దేశపు లెక్కలో ఒక అంకె అవుతుంది.

మీరు నేర్చుకున్నది

• మరణాలు ముందుగా, జననాలు తరవాత తగ్గుతాయి. ఆ మధ్య కాలంలో జనాభా వేగంగా పెరుగుతుంది.
• పేదలు ఎక్కువమంది పిల్లలను కనడం వెనక ఒక లెక్క ఉంటుంది. పిల్లలు బతకడం, బడి ఖర్చు, కొంత ఆసరా ఆ లెక్కను మారుస్తాయి.
• ఆంధ్రప్రదేశ్‌లో చదువు, ఆదాయం బాగా పెరగకముందే జననాలు తగ్గాయి.
• ఆ తగ్గుదల భారం ఎక్కువగా చిన్న వయస్సు స్త్రీల శరీరాల మీద పడింది.

పాఠాంత ప్రశ్నలు

1. "పిల్లలు ఎక్కువ కావడం వల్లనే పేదరికం" అనే వాదనను పరిశీలించండి.
2. కేరళ, ఆంధ్రప్రదేశ్ అనుభవాల మధ్య ఉన్న తేడాను వివరించండి.
3. కుటుంబ నియంత్రణలో పురుషుల పాత్ర ఎందుకు తగ్గింది? దాన్ని పెంచడానికి మీ ఊళ్ళో ఏం చేయవచ్చు?

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

17.1: 1. 16. 2. 35.
17.2: 1. కొడుకులు పొలంలో పనికీ, ముసలితనంలో ఆసరాకూ అవసరం కనుక. 2. బడి చదువు వ్యాపించి, పిల్లల మీద ఖర్చు పెరగడం వల్ల.